ముప్పై ఒకటి పాయింట్ నాలుగు

నిఖిల కారెక్కగానే ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుంది. పాండురంగ చూడనట్టే చూశాడు.

వారం రోజుల్లో ఇది నాలుగోసారి. శకుంతల ఆంటీ ఇంట్లో అద్దెకుండే బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చేటప్పుడు, అతని టీమ్‌లోనే పనిచేసే ఈ పిల్ల చూపంతా ఫోన్లోనే ఉంటుంది. కారు తలుపు తీసి "గుడ్ మార్నింగ్ అన్నా" అనే సరికి అది కాస్తా బోర్లా పడుతుంది. మెసేజ్ పెడితే పెట్టింది, దాచడం దేనికి? ఇరవై ఆరేళ్ల పిల్లకి సవాలక్ష ఉంటాయి, నీకెందుకు అని విద్య అయితే కసిరేది. పాండురంగ భార్య విద్యకి అనుమానం అనే జబ్బు లేదు. అతనికి ఉంది. పైగా దానికే జీతమిస్తున్నారు.

వాన్ నగరంలో గోడౌన్ల మధ్య, కింద పరుపుల షాపు, పైన వీడియో గేమ్ స్టూడియో ఉన్న బిల్డింగులో పాండురంగ గ్రాఫిక్స్ పెర్ఫార్మెన్స్ లీడ్. ఆర్టిస్టులు గీసిన ప్రతి చెట్టునీ, ప్రతి పొగనీ, ప్రతి చినుకునీ చూసి "ఇది కన్సోల్ మొయ్యలేదు" అని అనుమానించడం అతని పని. టీవీ కింద ఉండే ఆ నల్లపెట్టె సెకనుకి అరవై ఫ్రేములు గీస్తే ఆట నున్నగా సాగుతుంది. ముప్పైకి పడిపోతే తుపాకీ ఎత్తేలోపే చచ్చిపోతాం. మూడేళ్లుగా వాళ్లు చేస్తున్న 'సాల్ట్ గ్యారిసన్ త్రీ' విడుదలకి ఇంకా మూడు వారాలుంది. ట్రైలర్‌లో అంతా అరవై ఫ్రేములే. కింద 'కన్సోల్ మీద తీసినది' అని రాశారు. అలా తీసింది కాదని ఆ బిల్డింగులో కాఫీ మెషీన్ తుడిచే మనిషికి కూడా తెలుసు.

"అన్నా, చూశారా?" రట్‌ఫర్డ్ రోడ్డు సిగ్నల్ దగ్గర నిఖిలే కదిపింది. "ఫోరమ్‌లో ఎవరో పెట్టారు. వానలో వంతెన మీద ముప్పై నాలుగు దాటట్లేదంట. ట్రైలర్ మొత్తం పీసీ మీద తీసిందంట."

పాండురంగ తల తిప్పి చూశాడు. వంతెన లెవెల్ బయట ఎవరూ ఇంతవరకు చూడలేదు. ముప్పై నాలుగు అన్నది నిజమైన నంబరు.

"నీకెవరు చెప్పారు?"

"రేవంత్ పంపిండు. సార్నియా కాలేజ్‌లో నా క్లాస్‌మేట్. గేమింగ్ ఛానల్ నడుపుతాడు."

గేమింగ్ ఛానల్! పాండురంగ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. ఈ పిల్ల ఎంత మామూలుగా చెబుతోందో.

"అందరూ తిడుతున్నారన్నా కామెంట్లలో. కానీ నిజమే కదా. ఆ ట్రైలర్ మనది కాదు కదా. ఎవరో ఒకరు చెప్పాల్సిందే."

"అట్ల ఆఫీసులో అనొద్దు," అన్నాడు పాండురంగ. మిగిలిన దారంతా రేడియో పెట్టాడు. ఒక్క ముక్క చెవికెక్కలేదు.

స్టూడియో హెడ్ కోలెట్‌ది మాంట్రియల్. మామూలుగా గలగలా మాట్లాడే మనిషి, కోపం వస్తే నెమ్మదిస్తుంది. ఆ రోజు మీటింగులో మాటకీ మాటకీ మధ్య ఒక కాఫీ తాగొచ్చు. సేల్స్ ఫోర్‌కాస్ట్ చేసే వికాస్ స్క్రీన్ మీద గ్రాఫ్ పెట్టాడు. మొదటి ఏడాది తొమ్మిది మిలియన్ కాపీలు అమ్ముడవుతాయని శుక్రవారం వేసిన గీత, సోమవారానికి ఏడున్నర దగ్గర ముక్కు కిందికి పెట్టింది.

"ప్రీ ఆర్డర్లు ఒక్క పూటలో నాలుగు శాతం కాన్సిల్," అన్నాడు వికాస్. "ఇంకో పోస్టు ఇట్లాంటిది పడితే గీత ఆరున్నరకి దిగుతది."

కోలెట్ పాండురంగ వైపు తిరిగింది. "నీ వారం రిపోర్టు ఎంతమందికి వెళుతుంది?"

"ఆరుగురికి. ఆరుగురూ మా టెస్ట్ టీమే."

"అయితే ఈ వారం ఆరు రిపోర్టులు పంపు. అన్నీ ఒకేలా కనిపించాలి. వంతెన నంబరు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండాలి. ఏ నంబరు బయటికొస్తే వాళ్లే మన దొంగ."

ట్రైలర్ కింద రాసిన అబద్ధం గురించి ఆ గదిలో ఎవరూ నోరెత్తలేదు. పాండురంగ కూడా ఎత్తలేదు. దొంగని పట్టుకోవడం అతనికి ఆ క్షణంలో ఎంతో న్యాయమైన పనిలా తోచింది.

మధ్యాహ్నం లంచ్‌రూమ్‌లో వికాస్ బిర్యానీ డబ్బా తెరుస్తూ గొంతు తగ్గించాడు. హైదరాబాద్ మనిషి, గొంతు తగ్గించినా నాలుగు బల్లల దాకా వినిపిస్తుంది. "ఎవరు భాయ్ నీ డౌటు?"

"ఇంకా తెలీదు."

"అరె, నీకు డౌట్ లేకపోవుడా! కాంట్రాక్ట్ వాళ్లని చూస్కో ముందు. పోయేదేముంటది వాళ్లకి?"

ఆరుగురిలో కాంట్రాక్ట్ మీద ఉన్నది నిఖిల ఒక్కతే. ఆ మాట నేరుగా పోయి తగలాల్సిన చోటే తగిలింది.

మంగళవారం పొద్దున తలుపేసుకుని కూర్చున్నాడు. అసలు సగటు ముప్పై నాలుగు పాయింట్ మూడు. మొదటి టెస్టరుకి 34.1 పెట్టాడు, రెండో అతనికి 34.2. తర్వాత 34.4, 34.5, 34.6. అలా ఐదుగురూ అయిపోయారు. పది సార్లు కొలిస్తే పది రకాలుగా వచ్చే తేడాలే అవి, చూసిన ఎవడికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆరో ఫైలు నిఖిలది. వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

34.7 అని కొట్టాడు. చెరిపేశాడు. పాయింట్ ఒకటి తేడా అయితే బయట ఎవడైనా రౌండు చేసి 'ముప్పై ఐదు' అని రాసేస్తాడు, అప్పుడు ఎవరిదో తేలదు. ఈ పిల్లది మాత్రం తేలి తీరాలి. తప్పించుకోవడానికి సందు ఉండకూడదు. 31.4 అని కొట్టాడు. ఎక్కడ కనబడినా గుర్తుపట్టేలా ఉంది. సెండ్ నొక్కాక చేతులు దులుపుకున్నాడు కూడా.

తర్వాత కాఫీ నెపంతో టెస్ట్ రూమ్ వైపు వెళ్లాడు. అద్దం తలుపు లోపల చీకటి, ఆరు టీవీల వెలుగు. నిఖిల కుర్చీ అంచున కూర్చుని వంతెన లెవెల్ ఆడుతోంది. ఆడటం అనకూడదు దాన్ని. తుపాకీ పేల్చదు, శత్రువుని చూడదు. రేవు దగ్గర నీలం డ్రమ్ము పక్కన మొదలుపెట్టి, రెయిలింగు పట్టుకుని, సరిగ్గా తొంభై సెకన్లలో అవతలి గట్టు లాంతరు దాకా నడుస్తుంది. కంట్రోలర్ బొటనవేలి కింద కదలకుండా ఉంటుంది. వాన, పొగ, నీళ్లలో దీపాల నీడలు. పక్క స్క్రీన్ మీద పచ్చగీత పైకీ కిందికీ వణుకుతుంది. లాంతరు చేరగానే ఆపుతుంది, నోటుబుక్కులో పెన్సిలుతో ఒక అంకె వేస్తుంది, వెనక్కి వెళ్లి మళ్లీ డ్రమ్ము దగ్గర మొదలుపెడుతుంది. ఒక్కో దారీ మూడేసి సార్లు.

ఆ రోజు ఆమెకిచ్చిన పని వంతెన కాదు. గని లెవెల్.

పాండురంగ గాజు తలుపుకి ఇవతలే నిలబడిపోయాడు. ఇవ్వని పని ఎందుకు చేస్తోంది? రిపోర్టు చేతిలో పడి గంట కాలేదు, అప్పుడే వంతెన మీద పడిందేం? నోటుబుక్కులో ఏం రాసుకుంటోంది? రేవంత్ కోసమా?

లోపలికి వెళ్లాడు. "నీకిచ్చింది గని కదా."

నిఖిల ఉలిక్కిపడలేదు. "చేస్తా పాండు. ఇదొకటి చూసుకుని చేస్తా." ఆఫీసులో అందరూ పేరుతోనే పిలుచుకుంటారు, ఆమె కూడా అంతే. అన్న అనేది కారులోనే.

"ఏం చూస్తున్నావ్?"

"ఏదో తేడాగా అనిపించింది. తేల్చుకున్నాక రాసి పెడతా."

తేడాగా అనిపించిందట! పాండురంగ తన సీటుకి వెళ్లి ఆ మాటని ఫైల్లో తేదీతో సహా రాసుకున్నాడు.

సాయంత్రం కారులో ఆమె ఫోన్ మోగింది. పేరు చూసి కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్.

"ఎత్తరాదూ," అన్నాడు పాండురంగ వీలైనంత తేలిగ్గా.

"తర్వాత మాట్లాడతా అన్నా." మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కాసేపాగి, "అన్నా, మీ మేనేజర్ లెటర్ మీరే ఇస్తారా, హెచ్ఆర్ ఇస్తారా? పీఆర్‌కి," అంది. ఈ దేశంలో స్థిరపడటానికిచ్చే అనుమతి అది. "ఏడాది ఎక్స్‌పీరియన్స్‌కి ఇంకా ఏడు వారాలుంది నాకు. వర్క్ పర్మిట్ మార్చిలో అయిపోతది. ఈ ఏడు వారాలు గడిస్తే చాలు."

"హెచ్ఆర్ ఇస్తారు. నేను సంతకం పెడతా."

"థ్యాంక్స్ అన్నా," అంది నిండు మనసుతో. పాండురంగకి ఒక్క క్షణం ఏదోలా అయింది. మరుక్షణం, ఇంత తియ్యగా ఇప్పుడే ఎందుకు అడిగిందబ్బా అనుకున్నాడు.

బుధవారం తొమ్మిదింటికి బగ్గుల ట్రాకర్ తెరిస్తే నలభై రెండు కొత్తవి ఉన్నాయి. ఆటలో ఎవరికి ఏ తప్పు కనిపించినా అందులో పడేస్తారు, స్టూడియోలో నూట నలభై మందీ చూడొచ్చు. పొద్దున్నే వాటిని తెరిచి సంగతి తేల్చడం పాండురంగ పని. ఆ రోజు అతని మనసు ఫోరమ్‌లో ఉంది. ఒక కిటికీలో ఫోరమ్, ఒక కిటికీలో ట్రాకర్. క్రాష్ అయిన వాటిని పక్కన పెట్టాడు, ఆర్టిస్టులవి ఆర్టిస్టులకి తోశాడు, 'రిపోర్టు' అనో 'డాక్యుమెంటు' అనో మొదలయ్యే వాటిని తెరవకుండానే 'బగ్ కాదు' అని మూసేశాడు. పావుగంటలో పని అయిపోయింది. ఫోరమ్‌లో ఇంకా ఏమీ పడలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి పడింది.

"స్టూడియో లోపలి నుంచి తాజా సమాచారం. వంతెన మీద సగటు 31.4. వారం కిందటి కంటే ఘోరం. డబ్బులు వెనక్కి తీసుకోండి."

పాండురంగ వంటింట్లో నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు. "దొరికింది!" అన్నాడు పైకే.

"ఎవరు?" అంది విద్య, టిఫిన్ డబ్బా మూతపెడుతూ.

"నిఖిల."

విద్య చేతిలో మూత ఆగిపోయింది. "మన నిఖిలా? ఛ, ఊరుకో. ఆ పిల్ల అట్లాంటిది కాదు."

"నంబరు దొరికింది విద్యా. నంబరు అబద్ధమాడదు."

"అడిగి చూడకూడదూ ఒకసారి?"

"అడిగితే జాగ్రత్తపడుతుంది."

ఆ రోజు శకుంతల ఆంటీ ఇంటి ముందు కారు ఆపలేదు. పనుంది, ముందే వెళ్లిపోతున్నా అని మెసేజ్ పెట్టాడు. 'ఓకే అన్నా, బస్‌లో వస్తా' అని జవాబొచ్చింది. నలభై నిమిషాల బస్సు, పైగా మంచు. పోనీ, అనుకున్నాడు.

పదింటికి నిఖిలని హెచ్ఆర్ గదిలోకి పిలిచారు. పాండురంగ బల్ల దగ్గర్నించి ఆ గది కనిపిస్తుంది. కోలెట్ వీపు, హెచ్ఆర్ మనిషి చేతులు, మధ్యలో నిఖిల మొహం. మొదట నవ్వింది, ఏదో పొరపాటు పడ్డారనుకుని. తర్వాత నవ్వు పోయింది. ఒకే ప్రశ్న పదే పదే అడుగుతున్నట్టు పెదవులు కదిలాయి. హెచ్ఆర్ మనిషి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగింది. మళ్లీ ఊపాడు. చివరికి మెడలోంచి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది.

బయటికొచ్చి నేరుగా పాండురంగ దగ్గరికే వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి గానీ గొంతు తొణకలేదు.

"నా కాపీలోంచి ఏదో బయటికి పోయిందంట. ఏదని అడిగితే చెప్పం అంటున్నారు. ఏ నంబరు అన్నా? చెప్తే నేను చూసి చెప్తా కదా, ఎక్కడ ఎవరికి కనపడిందో."

"నేను చెప్పకూడదు," అన్నాడు పాండురంగ.

"నేను కాదన్నా."

పాండురంగ స్క్రీన్ వైపు చూశాడు.

నిఖిల కోటు వేసుకుని, నోటుబుక్కు కోసం టెస్ట్ రూమ్ వైపు తిరిగింది. సెక్యూరిటీ అతను మర్యాదగానే అడ్డుపడి, నోటుబుక్కు కంపెనీదని చెప్పాడు. ఆమె తల ఊపి మెట్లు దిగిపోయింది.

శుక్రవారం లంచ్‌రూమ్‌లో వికాస్ మహా హుషారుగా ఉన్నాడు. సేల్స్ వాళ్లు ఇంత హుషారుగా ఉంటే ఎక్కడో ఏదో కాలుతున్నట్టే లెక్క.

"చూసినవా భాయ్, నా ఫోర్‌కాస్ట్ దెబ్బ! ఆరున్నర అంటే, ఆరు పాయింట్ ఆరు దగ్గర ఆగింది. బుధవారమే చెప్పిన నేను. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు, రిస్క్ పేజీలో పెద్దక్షరాలతో పెట్టిన."

పాండురంగ చెంచా నోటి దగ్గర ఆగింది. "ఏమన్నావ్?"

"ముప్పై ఒకటి పాయింట్ నాలుగు."

"బుధవారమా? ఆ నంబరు నీకెక్కడిది?"

"మీ ట్రాకర్‌లదే. ప్రతి బుధవారం నేను వంతెన అని వెతుకుతా, అన్నిట్లకి చెడ్డ నంబరు తీస్కుంటా. ఫోర్‌కాస్ట్ అంటే అంతే కదా భాయ్, ఎంత చెడిపోతదో చెప్పాలె. పోయిన వారం ముప్పై నాలుగు పెట్టిన. ఈ వారం ఇది దొరికింది. మీ నిఖిలనే వేసింది బగ్గు."

"ఆ పేజీ ఎవరెవరికి పోతుంది?"

"పబ్లిషర్‌కి, దుకాణాల చెయిన్ల బయ్యర్లకి. ఒక నలభై మంది ఉంటరు. కింద కాన్ఫిడెన్షియల్ అని రాసే ఉంటది, ఫికర్ లేదు."

పాండురంగ డబ్బా అక్కడే వదిలేసి సీటుకి పరిగెత్తాడు. ట్రాకర్‌లో నిఖిల పేరు కొట్టాడు. మంగళవారం, సాయంత్రం నాలుగు నలభై.

"రిపోర్టు: వంతెన సగటు తప్పుగా ఉంది. రిపోర్టులో 31.4. నేను మూడుసార్లు కొలిస్తే 34.3, 34.2, 34.3 వచ్చింది. ఆట పాత వెర్షన్ నంబరు పొరపాటున పడిందేమో. ఇది బయటికి వెళ్తే గేమ్‌కి చెడ్డపేరు, దయచేసి త్వరగా సరిచేయండి."

దాని కింద ఒకే ఒక్క వరుస. బుధవారం, తొమ్మిది పన్నెండు. మూసినవారు: పాండురంగ. కారణం: బగ్ కాదు.

వికాస్ వెనకే వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు. "అదే! తప్పు అని ఆమె అన్నది, బగ్ కాదు అని నువ్వన్నవ్. అంటే నంబరు కరెక్టే అన్నట్టే కదా? అందుకే ధైర్యంగా పెట్టిన."

పాండురంగ ఆ బగ్గు మళ్లీ చదివాడు. తప్పుడు నంబర్లు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న పిల్ల చేతిలో తప్పుడు నంబరు పెట్టాడు. ఆమె చెయ్యాల్సిన పని చేసింది. దాన్ని నూట నలభై మంది ముందు పెట్టి, సరిచెయ్యండి బాబూ అని బతిమాలింది. ఇవ్వని పని ఎందుకు చేస్తోందని గాజు తలుపు ఇవతల నిలబడి అనుమానించాడు తను!

కోలెట్ అంతా విని, కిటికీ వైపు తిరిగింది.

"అంటే లీకు సేల్స్ పేజీ నుంచి. రెండుసార్లూ."

"అవును."

"విడుదలకి ఇరవై రోజులు లేదు. ఇప్పుడు నేను సేల్స్ మీద, నలభై మంది బయ్యర్ల మీద విచారణ వెయ్యలేను పాండు." మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. "ఆ అమ్మాయిని సోమవారం రమ్మంటాను. ఒక్క సంగతి. మిగతా ఐదుగురూ రిపోర్టులో తప్పుందని ఎందుకు కనిపెట్టలేదు?"

నిఖిలది ఒక్కటే దూరంగా పెట్టానని అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది.

"ఆమె చాలా చురుకు," అన్నాడు పాండురంగ.

కోలెట్ తల ఊపింది. అతను బయటపడ్డాడు. బయటపడ్డందుకు శని, ఆదివారాలు అన్నం సహించలేదు. విద్య ఒకసారి మొహంలోకి చూసి, పప్పు వడ్డించి వెళ్లిపోయింది. ఆదివారం సాయంత్రం శకుంతల ఆంటీ ఇంటి దాకా కారేసుకుని వెళ్లాడు. బేస్‌మెంట్ కిటికీలో లైటు వెలుగుతోంది. దిగకుండానే వెనక్కి వచ్చాడు.

సోమవారం నిఖిల బస్సులోనే వచ్చింది. బూట్ల మీద, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు మరకలు. టెస్ట్ రూమ్‌లో మిగతా ఐదుగురూ లేచి నిలబడి ఆమెకి చెయ్యి కలిపారు. ఎవరో డోనట్లు తెచ్చారు. ట్రైలర్ కింద రాసిన మాట శుక్రవారం సాయంత్రమే మార్చేశారని, ఇప్పుడు 'లక్ష్యంగా పెట్టుకున్న గ్రాఫిక్స్' అని చీమంత అక్షరాల్లో ఉందని చెప్పుకుని నవ్వుకున్నారు. నిఖిల నవ్వలేదు. మధ్యాహ్నం దాకా గని లెవెల్ కొలిచింది.

మూడింటికి పాండురంగ గదికి వచ్చి తలుపు వేసింది. చేతిలో ఆరు కాగితాలు.

"కూర్చో నిఖిలా. నేను వచ్చి మాట్లాడదామనుకున్నా..."

"పాండురంగ గారూ," అంది. ఆఫీసు పేరూ కాదు, కారులో పిలుపూ కాదు. "హెచ్ఆర్ వాళ్లు లెటర్ ఇచ్చారు. చదువుతా వినండి. 'సరైన ఆధారాలు లేనందున విచారణ నిలిపివేయడమైనది.' నేను చెయ్యలేదని లేదు. నిలిపేశారంట. ఇది నా ఫైల్లో ఉంటది. కాంట్రాక్ట్ వచ్చే నెల రెన్యూ కావాలంటే ఈ ఫైల్ చూస్తారు. రెన్యూ కాకపోతే నా ఏడాది నిండదు. ఏడాది నిండకపోతే పీఆర్ లేదు."

"నేను మాట్లాడతా వాళ్లతో."

"ఆగండి." ఆరు కాగితాలూ బల్ల మీద వరసగా పరిచింది, పేకముక్కల్లా. "అందరి రిపోర్టులూ అడిగి తీసుకున్న. ముప్పై నాలుగు పాయింట్ ఒకటి. రెండు. నాలుగు. ఐదు. ఆరు." ఒక్కో కాగితం మీద వేలు పెట్టింది. చివరిదాని మీద ఆగింది. "నాది ముప్పై ఒకటి పాయింట్ నాలుగు. ఎందుకు?"

పాండురంగ ఆ కాగితం వైపు చూశాడు. ఏదో ఒక నంబరు పడిందనొచ్చు. కంప్యూటరే ఇచ్చిందనొచ్చు. కోలెట్ నమ్ముతుంది, హెచ్ఆర్ నమ్ముతుంది. ఈ పిల్ల ఒక్కతే నమ్మదు. మూడుసార్లు కొలిచి గానీ ఏదీ నమ్మదు.

"నువ్వే అనుకున్నా కాబట్టి," అన్నాడు. "తప్పించుకోకూడదని నీది ఒక్కటే దూరంగా పెట్టినా."

నిఖిల కళ్లు నిండాయి. తుడుచుకోలేదు. "ఏం చేశానని?"

"ఫోన్ దాస్తున్నావని. రేవంత్‌కి ఛానల్ ఉందని. ట్రైలర్ అబద్ధమన్నావని."

"రేవంత్ రోజూ అడుగుతుండె, లోపలి సంగతి ఒక్కటి చెప్పవే అని. మీ పక్కన కూర్చుని ఆ మెసేజ్‌లు చూడాలంటే సిగ్గేసి బోర్లా పెట్టిన. మంగళవారం బ్లాక్ చేసిన వాణ్ణి." ఊపిరి తీసుకుంది. "అడిగితే చెప్పేదాన్ని కదా. రోజూ పక్కనే కూర్చున్నా కదా."

అడిగి చూడకూడదూ అన్న విద్యకి తను ఏం జవాబిచ్చాడో పాండురంగకి గుర్తుంది. ఆ మాట ఈ పిల్లకి చెప్పలేకపోయాడు.

"ఇది కోలెట్‌కి తెలుసా? నాది ఒక్కటే దూరంగా పెట్టిన సంగతి?"

"తెలీదు."

"అయితే రాయండి. హెచ్ఆర్‌కీ, కోలెట్‌కీ. నా ఫైల్లో ఈ లెటర్ కంటే ముందు అది ఉండాలె."

"రాస్తే నన్ను లీడ్‌గా ఉంచరు నిఖిలా."

ఆమె అతని ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని, స్క్రీన్ కనిపించేలా పక్కకి జరిపి కూర్చుంది.

పాండురంగ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. నిఖిల నిర్దోషి అని రాశాడు. నంబరు సేల్స్ పేజీ ద్వారా బయటికెళ్లిందని రాశాడు. ఆమె మంగళవారమే బగ్ వేసిందని, దాన్ని తానే చదవకుండా మూశానని రాశాడు. అంతవరకు వేళ్లు బాగానే నడిచాయి. తర్వాత, ఆమె కాపీలోని నంబరుకి అసలు సగటుతో పోలిస్తే పొరపాటున కొంత తేడా వచ్చిందని రాసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నిఖిల ఆ వాక్యాన్ని చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి చదివాక స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"కొంత కాదు. రెండు పాయింట్ తొమ్మిది."

దిద్దాడు.

"వచ్చింది కాదు. పెట్టాను అని రాయండి."

దిద్దాడు. గాజు తలుపు అవతల నుంచి వికాస్ నవ్వు వినిపించింది, ఏదో గ్రాఫ్ మళ్లీ పైకి లేచినట్టుంది. ఇద్దరూ అటు చూడలేదు.

"'పొరపాటున' తీసెయ్యండి," అంది నిఖిల.

పాండురంగ ఆ మాట మీద కర్సర్ పెట్టాడు. తర్వాత ఒక్కో అక్షరమే చెరిపాడు. ఆమె మొత్తం ఇంకోసారి మొదటి నుంచి చదివి, తల ఊపింది. అతను సెండ్ నొక్కాడు.